చెనక్కాయల తీర్పు

ఎమ్మిగనూరు,
12 జూలై 1974

అన్నయ్యకు భాగీరథి నమస్కారం.

నీకు ఉత్తరం రాస్తే జవాబుగా పాఠం వస్తుందని తెలిసీ రాస్తున్నాను. ముప్పై రెండేళ్ళు ఆదోనిలో చరిత్ర చెప్పి రిటైరైనవాడివి. ఇప్పుడు నీకు శ్రోత రాధ వదిన ఒక్కతే మిగిలింది. ఆమెకు ఇంకా చెముడు కూడా రాలేదు పాపం.

సంగతికి వస్తాను. మొన్న సోమవారం మా బడిలో మధ్యాహ్నం ఉప్మా తిన్న పిల్లల్లో పద్నాలుగు మంది వాంతులు చేసుకున్నారు. అందరూ కోలుకున్నారు, భయం లేదు. కానీ ఊరు కోలుకోలేదు. ఉప్మా వండేది హులిగమ్మ. నేను ఇక్కడ హెడ్మాస్టరుగా వచ్చినప్పటి నుంచీ, అంటే తొమ్మిదేళ్ళుగా ఆమే వండుతోంది. మొగుడు లేడు. బడి జీతం కాక, వీధిలో పెళ్ళిళ్ళకు పెద్ద పొయ్యి దగ్గర నిలబడేదీ ఆమే. ఇప్పుడు ఆమె చేతి నీళ్ళు తాగడానికి కూడా జనం వెనకాడుతున్నారు.

మా బడి కమిటీ సెక్రటరీ శ్రీపాదరావు కనిపెట్టిన కారణం ఏమంటే, హులిగమ్మ గుండిగ మీద మూత పెట్టలేదు, బల్లి పడింది. ఆ బల్లిని సోమవారం నాడు ఎవరూ చూడలేదు. శుక్రవారానికి చూసినవాళ్ళు పదిమంది తేలారు. ఒకాయన దాని పొడుగు కూడా చెబుతున్నాడు.

విచారణ చేసి, ఆమెను తీసేస్తూ నా చేత్తో నేను సంతకం పెట్టాలని కమిటీ తీర్మానం. నా ఒక్కదాని సంతకంతో ఆమె పొట్ట కొట్టలేను. అట్లని ఊరుకుందామంటే, తల్లిదండ్రులు రోజూ బడి గేటు ముందు కూర్చుంటున్నారు. నువ్వు ఎప్పుడో బళ్ళారి సెషన్స్ కోర్టులో జ్యూరీలో కూర్చున్నావు కదా. పదిమందిని కూర్చోబెట్టి మంచీచెడ్డా తేల్చే పద్ధతి ఏదన్నా ఉంటే రాయి. క్లుప్తంగా రాయి. ఆ మాటకు అర్థం నీకు తెలుసనే అనుకుంటున్నాను.

వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు
భాగీరథి

*

ఆదోని,
14 జూలై 1974

చి. భాగీరథికి అన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. అక్షరాలు ఇంకా కోడి గీకినట్టే ఉన్నాయి. నీ బడి పిల్లల రాత ఎట్లా ఉంటుందో ఊహించుకోగలను.

నువ్వు జ్యూరీ మాట ఎత్తావు. మొన్న ఏప్రిల్ ఒకటి నుంచి కొత్త క్రిమినల్ చట్టం వచ్చింది. ఎప్పుడో మూలపడ్డ జ్యూరీని ఇప్పుడు పుస్తకంలోంచి కూడా తుడిచేశారు. మంచి పని చేశారు. ఇంగ్లీషువాడు పన్నెండుమందిని గదిలో పెట్టి తాళం వేస్తాడు, ఒక్క మాట మీదికి వచ్చేదాకా వదలడు. పన్నెండుమంది ఒక్క మాట మీదికి ఎప్పుడు వస్తారు? ఆకలైనప్పుడు. గదిలో గొంతు పెద్దది ఎవడిదో తీర్పు వాడిది. బళ్ళారిలో మేం అయిదుగురం. ఆ అయిదుగురి గురించి రాయడం ఇంకు దండగ.

మనుషులు తెలివైనవాళ్ళుగా ఉన్న కాలం ఒకటుండేది. రెండువేల నాలుగువందల ఏళ్ళ కిందటి ఏథెన్సు. ఒక్కో కేసుకు అయిదువందల ఒక్కమంది. పలుకుబడి చూసి పిలిచేది లేదు, పేర్లు చీటీ తీసినట్టు తీసేవారు. ఏ సూర్యోదయానికి ఎవడు కూర్చుంటాడో ముందు రోజు ఎవడికీ తెలియదు, కాబట్టి లంచం ఎవడికివ్వాలో తెలియదు. జడ్జి లేడు. వకీలు లేడు. ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి. అడుగున చిల్లున్న కుండలో నీళ్ళు పోసి వదులుతారు, నీళ్ళు అయిపోతే మాట అయిపోవాలి. అన్నిటికన్నా గొప్ప సంగతి విను. జ్యూరర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే పనే లేదు. ఒక్కొక్కరికి రెండు కంచు బిళ్ళలు. బిళ్ళ మధ్య గుచ్చిన ఇరుసు బోలుగా ఉన్నది నేరం వైపు, గట్టిగా ఉన్నది నిర్దోషం వైపు. గుప్పిట్లో పెట్టుకుని ఒకటి కంచు కుండలో వేస్తాడు, అది లెక్కకు. రెండోది చెక్క కుండలో వేస్తాడు, అది పారేయడానికి. ఎవడు ఏది వేశాడో పక్కవాడికి కూడా తెలియదు. ఎవడి ముఖమూ చూడనక్కర్లేదు, ఎవడికీ జవాబు చెప్పనక్కర్లేదు.

మీ ఎమ్మిగనూరులో అయిదువందల తలకాయలు దొరకడం అసాధ్యం. తలపాగాలు దొరుకుతాయేమో. యాభై ఒక్కమంది చాలు. హాజరుపట్టీలోంచి తండ్రుల పేర్లు చీటీలు రాసి తీయి. కంచు బిళ్ళల బదులు పత్తిగింజ నేరానికి, చెనక్కాయ నిర్దోషానికి. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ఒక ఇత్తడి బిందె, ఒక మట్టి కుండ. ఇంతకన్నా తేలికగా నాగరికతను ఎవరూ చెప్పలేరు.

ఒక్క నియమం గట్టిగా పట్టుకో. నీళ్ళు కారుతున్నంతసేపూ, ఆ కుండ ఎవరిదో వాళ్ళు తప్ప ఎవరూ నోరు విప్పకూడదు.

మధుసూదనరావు

*

ఎమ్మిగనూరు,
19 జూలై 1974

అన్నయ్యకు,

క్లుప్తంగా రాయమన్నందుకు నాలుగు పేజీలు రాశావు. పోస్టుమ్యాను ఎక్కువ స్టాంపు డబ్బులు అడిగాడు.

నీ ఏథెన్సు గురించి మా ఎనిమిదో తరగతి పుస్తకంలో కూడా ఉంది. నువ్వు దాటేసిన పేరా చదివాను. ఆ అయిదువందల మందిలో ఒక్క ఆడమనిషి లేదు, ఒక్క బానిస లేడు. హులిగమ్మలాంటిది అక్కడ తన మాట తాను చెప్పుకోవడానికి కూడా లేదు, మగవాడెవడో చెప్పాలి. నేనయితే ఆ కోర్టు అరుగు కూడా ఎక్కలేను. ఇట్లాంటి ఊరిని నెత్తిన పెట్టుకుని ఊరేగడం నీకే చెల్లింది. కాబట్టి చీటీల్లో తల్లుల పేర్లూ రాస్తున్నాను. ఉప్మా సంగతి తండ్రులకేం తెలుసు?

శ్రీపాదరావు మొదట ఒంటికాలి మీద లేచాడు. "కమిటీ ఉండంగ ఈ నూనె మిల్లు కూలోళ్ళూ మగ్గమోళ్ళూ తీర్పు సెప్పేదేందమ్మా?" అన్నాడు. యాభై ఒక్కమంది ముందు మాట్లాడవచ్చని చెప్పాను. వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన ఎప్పటి నుంచో మున్సిపాలిటీకి నిలబడాలనుకుంటున్నాడు.

హులిగమ్మకు కూడా చెప్పాను. పొయ్యి ముందు కూర్చుని విన్నది. "అంతమంది ఎందుకు టీచరమ్మా? మీకు తెలీదా?" అన్నది. పద్ధతి ప్రకారం జరగాలని చెప్పాను.

ఇరవై ఎనిమిది ఆదివారం పెట్టుకున్నాం. ఇక్కడ వానకు చెనక్కాయలన్నీ విత్తనానికి పోయినాయి, దొరకడం లేదు. పత్తిగింజలకు మీ ఊళ్ళో కొదవ లేదు కదా. రెండూ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపు.

భాగీరథి

*

ఆదోని,
25 జూలై 1974

చి. భాగీరథికి,

రెండు సంచులు పన్నెండు గంటల బస్సుకు పంపాను. పత్తిగింజలు జిన్నింగు మిల్లు నుంచి నేనే స్వయంగా ఏరుకొచ్చాను. చెనక్కాయల సంచి మీ వదిన కట్టింది. నేను చూడలేదు. ఒక సంచికి మూతి కట్టడంలో తప్పు చేసే అవకాశం ఎంత ఉంటుంది?

ఆడవాళ్ళను కూర్చోబెడుతున్నావట. కానివ్వు. తీర్పు ఆలస్యమైతే నన్ననకు.

మధుసూదనరావు

*

ఎమ్మిగనూరు,
29 జూలై 1974

అన్నయ్యకు,

నిన్న నీ ఏథెన్సు మా బడి ఆవరణలో జరిగింది. కూర్చుని చదువు.

వదిన ఆ చెనక్కాయలను ఉప్పునీళ్ళు చల్లి దోరగా వేయించింది. పైన చీటీ కూడా పెట్టింది, "పిల్లలు నీరసంగా ఉంటారు, పెట్టు" అని. జబ్బు పడి లేచిన పిల్లలకని అనుకుంది. నువ్వు ఆమెకు ఎందుకో చెప్పి ఉండవు. చెప్పడం నీకు బడిలోనే అలవాటు, ఇంట్లో ఆజ్ఞలే. ఆదివారం పొద్దున సంచి విప్పేసరికి గదంతా ఘుమఘుమ. వేరేవి తెప్పించే వేళ లేదు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్కటే పెట్టి, మిగిలినవి తల్లుల వెంట వచ్చిన పిల్లలకు పంచేశాను.

యాభై ఒక్కమందీ వచ్చారు. ముందు శ్రీపాదరావు కుండ. కుండ ఖాళీ అయ్యేదాకా మాట్లాడి, ఇంకో చెంబెడు పోయమన్నాడు. మూత గురించి, బల్లి గురించి, శుభ్రత గురించి, మహాత్ముల గురించి. నీళ్ళు అయిపోయాక, బల్లి దొరకలేదు కదా అని జ్యూరీలోని మగ్గం బడే సాబ్ అడిగాడు. "బల్లి దొరికింటే విచారణ ఎందుకప్పా?" అన్నాడు శ్రీపాదరావు. జనం తలలూపారు. అందులో ఊపదగ్గది ఏముందో నాకు తెలియలేదు.

తరువాత హులిగమ్మ కుండ. కొంగు భుజాన కప్పుకుని లేచింది. "నేనే వండినాను. మూత పెట్టినాను. ఆ పిల్లోళ్ళు నా పిల్లోళ్ళ మాదిరే. ఇంగ నేను సెప్పేది ఏం లేదు" అన్నది. నా వైపు ఒకసారి చూసి కూర్చుంది. అంతే. పట్టుమని అర నిమిషం కూడా కాలేదు.

కుండ నిండుగా ఉంది. నీళ్ళు కారుతున్నంతసేపూ ఎవరూ నోరు విప్పకూడదని నువ్వు రాశావు. ఆ సంగతి నేను మొదట్లోనే అందరికీ చదివి వినిపించాను. కనుక కూర్చున్నాం. అరగంట పట్టింది. మాట లేదు, పని లేదు, చేతిలో ఉప్పుచెనక్కాయ. ముందు ఎవరో ఒకరు టప్పుమనిపించారు. తరువాత అక్కడొకరు, ఇక్కడొకరు. నోరు విప్పకూడదన్న నియమం నేను కూడా పాటించాను, కాబట్టి వద్దని అనలేకపోయాను. ఒక్క కాయ తింటే ఎవడి కడుపూ నిండదు. అయినా తిన్నారు.

ఓటు వేయడానికి లేచేసరికి సగానికి పైగా మనుషుల చేతుల్లో పత్తిగింజా, కొందరికి ఉట్టి తొక్కా తప్ప ఏమీ లేదు. ఇంకో కాయ ఇమ్మని అడిగితే దేనికి ఓటేయబోతున్నారో బయటపడుతుంది, తిన్నామనీ బయటపడుతుంది. గుప్పిట మూసుకుని, మహా గంభీరంగా వెళ్ళి, ఉన్నదే వేసి వచ్చారు.

ఇత్తడి బిందెలో తేలింది ఇది: పత్తిగింజలు ముప్పై ఆరు, చెనక్కాయలు పది, ఉట్టి తొక్కలు అయిదు. పారేసే మట్టి కుండలో మొత్తం యాభై ఒకటి ఉండాలి కదా, అందులో ఇరవై ఒకటి తక్కువ. ఆమెది తప్పని నిజంగా అనుకున్నవాళ్ళు పదిహేనుమందో, ముప్పై ఆరుగురో ఎవరూ చెప్పలేరు. శ్రీపాదరావు మాత్రం బల్ల మీద గుద్ది నేరం రుజువైందన్నాడు.

నాకేం తోచడం లేదు. ఆ అయిదు తొక్కల సంగతేమిటో కూడా రాయి.

భాగీరథి

*

ఆదోని,
31 జూలై 1974

చి. భాగీరథికి,

మూడుసార్లు చదివాను. మీ వదినకు కూడా చదివి వినిపించాను. ఆమె "పాపం, ఆకలేసిందేమో" అంది. ఈ దేశంలో న్యాయం ఎందుకు నిలవదో ఆ ఒక్క మాటతో అర్థమైంది.

మనిషికి ఓటు ఇస్తే నమిలి మింగిన జాతిని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఏథెన్సువాళ్ళు తమ ఊళ్ళోకెల్లా తెలివైన ముసలాయనకు విషం తాగించారు, నిజమే. కానీ ఓట్లు లెక్కపెట్టి తాగించారు. మీవాళ్ళు ఓట్లను ఫలహారం చేశారు.

తొక్కల సంగతి అడిగావు. పద్ధతి ప్రకారం బోలుది నేరం వైపు, గట్టిది నిర్దోషం వైపు అని ముందే రాశాను. ఉట్టి తొక్క బోలుదే. కనుక అయిదూ నేరం వైపే. నలభై ఒకటి, పది. ఎవడి మనసులో ఏముందో వెతకడం మన పని కాదు, కుండలో ఏముందో అదే తీర్పు.

కంగారు పడకు, ఇంకో అంకం ఉంది. నేరం తేలాక ఏథెన్సులో శిక్ష ఎవరో పెద్దాయన వేయడు. ఫిర్యాదుదారు ఒక శిక్ష అడుగుతాడు, ముద్దాయి తనకు తగిన శిక్ష తాను అడుగుతాడు. జ్యూరీ ఆ రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. మధ్యస్థం లేదు. హులిగమ్మను నెలరోజుల జీతం వదులుకుంటాననో, గుడిలో దండం పెడతాననో ఏదో చిన్నది అడగమను. మనుషులు బద్ధకస్తులు, చిన్నదే ఎంచుకుంటారు. ఆమె పని నిలబడుతుంది. ఈసారి చేతులెత్తించు. చేతులు తినరనుకుంటాను.

మధుసూదనరావు

*

ఎమ్మిగనూరు,
7 ఆగస్టు 1974

అన్నయ్యకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. చేయకుండా ఉండాల్సింది.

నాలుగో తేదీ ఆదివారం మళ్ళీ కూర్చోబెట్టాం. శ్రీపాదరావు ఉద్యోగంలోంచి తీసేయాలన్నాడు. నెల జీతం వదులుకుంటానని అడగమని హులిగమ్మకు నేను ముందే చెప్పి పెట్టాను. ఆమె లేచి, నేను చెప్పింది అడగలేదు.

"నా శిచ్చ నన్నే అడగమంటాండారు గదా. అడుగుతాను. ఆ పొద్దు గుప్పిట మూసుకోని ఏసినారు. రేపు ఆ యాభై ఒక్కమందీ ఒక్కొక్కరూ పొయ్యి కాడికి రాండి. నా మొగం జూసి, నువ్వే పిల్లోళ్ళకు చెడ్డ కూడు పెట్టినావు అని సెప్పి పోండి. అందరూ అంటే నేనే పోతాను. మీరు పంపాల్సిన పని లేదు."

జనం నవ్వారు. ఇదేం శిక్ష అన్నారు. ఖర్చు లేనిదని చేతులెత్తారు, నలభై నాలుగు. శ్రీపాదరావు కూడా నవ్వాడు.

సోమవారం పొద్దున ఎనిమిదికల్లా ఆమె పొయ్యి కడిగి, ముగ్గు వేసి, పీట వేసుకుని కూర్చుంది. మొదట బడే సాబ్ వచ్చాడు. "నేను చెనక్కాయే ఏసినాను తల్లీ" అని చెప్పి పోయాడు. ఆ మాట నిజమని నేను నమ్ముతాను. తరువాత వచ్చినవాళ్ళను చూడాలి నువ్వు. ఒకాయన వాన గురించి మాట్లాడి పోయాడు. ఒకామె మంచినీళ్ళు అడిగి, తాగి, పోయింది. ఆ నీళ్ళు ఎవరి చేతివో ఆమెకు గుర్తు లేదనుకుంటాను. ఒకాయన హులిగమ్మ కూతురికి సంబంధం చెప్పాడు. బల్లి పొడుగు తెలిసిన పెద్దమనిషి గేటు దాకా వచ్చి, చెప్పులో ముల్లు దిగిందని వెనక్కి తిరిగాడు. సాయంత్రానికి వచ్చినవాళ్ళు ఇరవై ముగ్గురు. అన్నవాళ్ళు సున్నా.

ఇంతమంది పిరికివాళ్ళను ఒకచోట చూడటం నాకు ఇదే మొదటిసారి. అనలేకపోతే తప్పు లేదని ఒప్పుకోవాలి కదా, అదీ లేదు. శిక్ష అమలు కాలేదు కాబట్టి తన శిక్షే వర్తిస్తుందని శ్రీపాదరావు నిన్న కాగితం పంపాడు. నా సంతకం కోసం బల్ల మీద ఉంది.

సాయంత్రం ఆమె పీట ఎత్తి పెట్టి, "మీరు రాలేదు టీచరమ్మా" అన్నది. నేను జ్యూరరును కానని చెప్పాను.

ఇప్పుడు ఏథెన్సులో ఏం చేస్తారో రాయి.

భాగీరథి

*

ఆదోని,
9 ఆగస్టు 1974

భాగీ,

ఏథెన్సులో ఏం చేస్తారో నాకు తెలియదు. ఈసారి ఏథెన్సు గురించి రాయను.

బళ్ళారి గురించి ఎప్పుడూ అడగలేదు నువ్వు, అడిగినా నేను చెప్పేవాణ్ణి కాదు. 1950లో. మద్దిలేటి అనే ఆయన మీద ఇంటికి కన్నం వేశాడని కేసు. జ్యూరీ అయిదుగురిలో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, అందుకని నన్ను పెద్దను చేశారు. మూడు రోజులు విన్నాం. ఇద్దరు నిద్రపోయారు. చివరికి మమ్మల్ని లోపలి గదికి పంపారు. పావుగంట ఉన్నాం. అందులో పది నిమిషాలు రైలు గురించి మాట్లాడుకున్నాం. గుంతకల్లులో బండి మారాలి, అది తప్పితే రాత్రంతా ప్లాట్‌ఫారం మీదే. నేను "ఏమంటారు?" అని అడిగాను. "నువ్వు ఏమంటే అదే పంతులూ" అన్నారు. నేను గడియారం చూశాను. బయటికి వచ్చి లేచి నిలబడి నేరస్థుడని చెప్పాను. ఆయన నా ముఖం చూస్తున్నాడని తెలుసు. నేను జడ్జి సిరాబుడ్డి చూస్తూ చెప్పాను. నాలుగేళ్ళు పడింది.

ఆయన దొంగో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకుందామని ఏనాడూ ప్రయత్నించలేదు, అది ఇంకా హీనం. ఏథెన్సు నాకు ఎందుకంత గొప్పగా కనిపించిందో నీ ఉత్తరం చదివాక అర్థమైంది. అక్కడ ఎవడూ లేచి ముఖం చూసి చెప్పనక్కర్లేదు. నీ యాభై ఒక్కమందిని తిట్టే అర్హత నాకు లేదు. నేను చెనక్కాయ తినలేదు, అంతే తేడా.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను. నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకున్నాను. మూత గురించి రాశావు. బల్లి గురించి రాశావు, శ్రీపాదరావు గురించి, నన్ను తిట్టడానికి ఎంతో రాశావు. రవ్వ గురించి ఒక్క ముక్క లేదు. పిల్లలు తిన్నది రవ్వ. చిన్నప్పుడు నీకు లెక్కలు చెప్పింది నేను. జవాబు కుదరనప్పుడు మధ్యలో ఒక మెట్టు ఎగరగొట్టడం నీ అలవాటు. "మీకు తెలీదా" అని ఆమె ఎందుకు అడిగింది? తన కుండలో అన్ని నీళ్ళుండగా నీ వైపు చూసి ఎందుకు కూర్చుంది?

నేను తప్పుగా అనుకుంటే తిట్టు. నువ్వు ఆ పొయ్యి దగ్గరికి ఎందుకు పోలేదు?

అన్న

*

ఎమ్మిగనూరు,
20 ఆగస్టు 1974

అన్నా,

నువ్వు తప్పుగా అనుకోలేదు.

రవ్వ ఉండే గది కప్పు రెండేళ్ళుగా కురుస్తోంది. బాగు చేయించమని పైకి రాయాల్సింది నేను, రాయలేదు. ఆ సోమవారం పొద్దున హులిగమ్మ ఒక సంచి విప్పి నన్ను పిలిచింది. కింది సగం తడిసి ముద్దయింది. "ముక్కిన వాసన వస్తాంది టీచరమ్మా, పారేద్దాం" అన్నది. పారేస్తే ఎందుకు పారేశామో రాయాలి, అది రాస్తే కప్పు సంగతి బయటపడుతుంది. పైది తీసి జల్లించి, నూనె ఎక్కువేసి బాగా వేయించు, ఏమీ కాదు అన్నాను. ఆమె ఇంకోసారి చెప్పింది. నేను గంట కొట్టే వేళయిందని వెళ్ళిపోయాను.

ఆమె నా మీద చెప్పలేదు. విచారణ రోజూ చెప్పలేదు. నేను చెబుతానని చూసింది. నేను యాభై ఒక్కమందిని తెచ్చి అడ్డం పెట్టుకున్నాను. నిన్నూ, నీ గ్రీకులనూ కూడా.

నీ ఉత్తరం చదివాక, జెండా పండుగ నాడు బడి ఆవరణలో అందరూ ఉండగా లేచి ఇదంతా చెప్పాను. నీకు రాసినట్టే, ఒక్క ముక్క దాచకుండా. ఆమె ముఖం చూసే చెప్పాను.

ఎవరూ నమ్మలేదు అన్నా.

మొదట ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. పనిమనిషిని కాపాడటానికి తప్పు తన మీద వేసుకుంది, ఎంత పెద్ద మనసు అన్నారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. శ్రీపాదరావు, జెండాకని తెచ్చిన పూలదండ తీసి నా మెడలో వేశాడు. "మా హెడ్మాస్టరమ్మ కోసం హులిగమ్మను క్షమిస్తాండాం" అని ప్రకటించాడు. నేను అబద్ధం కాదు, నిజమే చెబుతున్నానని మళ్ళీ అన్నాను. ఇంకా గట్టిగా కొట్టారు. ఓటు లేదు, కుండ లేదు, చీటీ లేదు. ఒక్క నిమిషంలో నన్ను వదిలేశారు. ఆమెది తప్పేనని ఖాయమూ చేశారు. క్షమించాలంటే తప్పు ఉండాలి కదా.

ఆ మధ్యాహ్నం హులిగమ్మ ఇంటికి పోయాను. మూట కట్టుకుంటోంది. ఆలూరులో చెల్లెలు ఉందట, అక్కడ చెనక్కాయ చేలల్లో కలుపు తీస్తానంది. పని ఉంది కదా, నిన్ను తీసేయలేదు కదా అన్నాను. క్షమించి పెట్టిన పని తనకొద్దంది. పైకి నేనే రాస్తాను, వాళ్ళయినా నమ్ముతారు అన్నాను.

ఆమె మూట ముడి వేసి నా వైపు తిరిగింది. కోపంగా అయినా లేదు.

"ఆ పొద్దే సెప్పింటే నమ్మిందురు టీచరమ్మా. ఇప్పుడు మీరు నిజం సెప్పినా నాకు దయ సేసినట్లే అయితాది."

కూతురిని తీసుకుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. పైకి ఉత్తరం రాశాను, ఇంకా జవాబు రాలేదు. ఆ మర్నాటి నుంచి పిల్లలకు ఉప్మా లేదు. వండటానికి ఎవరూ దొరకడం లేదు.

భాగీరథి